రాజమండ్రిలో మెస్ మళ్లీ తెరవాలి: ఒకేసారి తెరవనా, మెల్లమెల్లగానా?

గోదారి మెస్ | 2021 జులై 6

అందరికీ నమస్కారమండి. రాజమండ్రిలో మాకు చిన్న మెస్ ఉంది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం, రాత్రికి మళ్లీ టిఫిన్లు. ముందు హాల్లో ఆరు టేబుళ్లు, వెనక ఏసీ రూములో నాలుగు. కరోనా వల్ల మే 5న పగటి కర్ఫ్యూ పెట్టిన దగ్గర్నుంచి హాలు మూసే ఉంది. పొద్దున పూట ఇడ్లీ, ఉప్మా పార్సిళ్లు మాత్రం ఇస్తున్నాం.

జూన్ 21న మిగతా జిల్లాలన్నిటికీ సాయంత్రం ఆరు దాకా వదిలారు, మన తూర్పు గోదావరికి మాత్రం రెండు గంటలకే కట్. జులై 1 నుంచి మనకీ ఆరు అయింది. ఇప్పుడు ఎల్లుండి, అంటే 8 నుంచి, రెండు గోదావరి జిల్లాలకు రాత్రి ఏడు దాకా, మిగతా వాళ్లకు పది దాకా అంటున్నారు. హోటళ్లలో కూర్చోబెట్టి పెట్టొచ్చట, సీటు వదిలి సీటు.

నా ఇబ్బంది ఏంటంటే, ఏడింటికి మూసేయాలంటే మాకు రాత్రి బేరం లేనట్టే. రాజమండ్రిలో ఏడింటికి దోశ తినేదెవరండి? ఓనరు గారు రెండు నెలలు సగం అద్దె తీసుకున్నారు, ఈ నెల నుంచి పూర్తిగా ఇవ్వమన్నారు. అడగడం ఆయన తప్పని కూడా అనలేను. ఐదుగురు వర్కర్లలో ఇద్దరు బరంపురం వెళ్లిపోయారు, పిలిస్తే వస్తామంటున్నారు. మా నాన్నగారికి 67, గల్లాపెట్టె దగ్గర ఆయనే కూర్చోవాలంటారు. ఆయనకు రెండు డోసులూ అయ్యాయి. నాకు ఒకటే అయింది, సర్వర్లకు ఒక్కటీ కాలేదు. మా ఆవిడ మాత్రం "ఆగస్టు దాకా పార్సిళ్లే" అని పట్టుబట్టింది.

పూర్తిగా తెరిస్తే ఖర్చులన్నీ ఒక్కసారే మీద పడతాయి. మెల్లగా తెరుద్దామంటే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలడం లేదు. హోటల్ లైన్లో ఉన్నవాళ్లు నిరుడు ఎలా చేశారో చెప్తారా?

---

తెనాలి బట్టల కొట్టు | జులై 6

అన్నా, ఆలోచనలు మానేసి తెరిచెయ్. పెళ్లికి 150 మంది రావొచ్చంట, సినిమా హాళ్లు ఆడించుకోవచ్చంట, మనం కొట్టు తెరిస్తే మాత్రం కరోనా వస్తుందంట. నిరుడు మా కొట్లో ట్రయల్ రూముకి తాళం వేయించారు. కొన్నవాళ్లు ఇంటికెళ్లి తొడుక్కుని, సరిపోలేదని తెల్లారి తిరిగొచ్చి, అదే డ్రెస్సు ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లారు. రూల్సు రాసేవాడు ఎప్పుడైనా బట్టలు కొన్నాడా అని నా డౌటు. నువ్వు తెరువు, జనం వాళ్లే చూసుకుంటారు.

---

బెజవాడ భోజనం | జులై 6

తెనాలి తమ్ముడి కోపంలో న్యాయం ఉంది. సలహాలో లేదు.

మాది గవర్నర్‌పేటలో భోజన హోటల్. నిరుడు లాక్‌డౌన్ అయ్యాక జూన్ 8న తెరిచాం. కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు హోటళ్ల కోసం ఒక కాగితం ఇచ్చింది. సగం సీట్లు, గుడ్డ నాప్కిన్లు వద్దు కాగితంవి పెట్టండి, ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచండి, గుమ్మం దగ్గర జ్వరం చూడండి, ఇలా. ఆ కాగితంలో ఉన్నవన్నీ పెట్టాం. అందులో లేనిది ఒకటుంది, అది వడ్డన.

మన భోజనం ఎలా నడుస్తుందో ఒకసారి తలుచుకోండి. పప్పు, కూర, పచ్చడి వేసి నెయ్యి వేస్తాడు. మళ్లీ అన్నం తెస్తాడు. సాంబారు. ఇంకోసారి అన్నం. రసం, పెరుగు. ఒక్కో మనిషి మీద సర్వర్ ఆరేడుసార్లు వంగుతాడు. తినేవాడికి మాస్కు ఉండదు కదా, నోటినిండా ముద్ద పెట్టుకునే "ఇంకాస్త సాంబారు" అంటాడు. టేబుళ్ల మధ్య ఆరడుగులు కొలిచి నేల మీద టేపు అతికించాం, బాగానే ఉంది. సర్వర్ మొహానికీ కస్టమర్ మొహానికీ మధ్య మాత్రం అడుగున్నరే. పూటకి నలభై మందికి వడ్డించేవాడు నలభై మంది ఊపిరీ పీలుస్తాడు. ఇద్దరు కస్టమర్ల మధ్య దూరం కంటే ఇదే పెద్ద సమస్య అని నాకనిపించింది.

అందుకని అన్‌లిమిటెడ్ తీసేశాం. స్టీలు కంచంలో గిన్నెలన్నీ సర్ది ఒకేసారి టేబుల్ మీద పెట్టడం, అన్నం మూత గిన్నెలో పక్కన పెట్టడం. కావలసినంత వాళ్లే పెట్టుకుంటారు. పది రూపాయలు తగ్గించాం. పెద్దవాళ్లు బాగా తిట్టారు. ఒకాయన "ఇది భోజనమా, ఆస్పత్రి కంచమా" అని డబ్బులిచ్చి సగంలో లేచి వెళ్లిపోయాడు. మళ్లీ వారానికి వచ్చాడనుకోండి, వేరే చోటా అదే పరిస్థితి.

ఇక మీరడిగిన వరస. నా లెక్క టేబుళ్లది కాదు, మనిషి మన దగ్గర ఎంతసేపు ఉంటాడు, ఎక్కడ ఉంటాడు అన్నది. పార్సిల్ వాడు ఐదు నిమిషాలు, అదీ గుమ్మం బయట. ఇడ్లీ తినేవాడు పది నిమిషాలు. భోజనానికి కూర్చున్నవాడు అరగంట. ఏసీ రూములోకి ఫ్యామిలీతో వచ్చినవాడు గంట, పిల్లలు అల్లరి చేస్తే గంటన్నర. ఈ వరసలోనే తెరవండి. 8న పార్సిలు, గుమ్మం ముందు నిలబడి తినే టిఫిను. మీకు అరుగో, ముందు నాలుగడుగుల జాగానో ఉంటే పైన టార్పాలిన్ కట్టి రెండు ఎత్తు బల్లలు వేయండి, వానాకాలం కదా. తర్వాత హాల్లో గుమ్మానికి, కిటికీకి దగ్గరున్న టేబుళ్లు మాత్రమే. ఒక దశకీ ఇంకో దశకీ మధ్య కనీసం రెండు వారాలు ఉంచండి. ఎవరికన్నా అంటుకుంటే బయటపడడానికి అంత టైము పడుతుంది. తెరిచిన నాలుగో రోజున "ఏమీ కాలేదుగా" అనుకుని ఇంకో గది తెరవడమంటే కళ్లు మూసుకుని నడవడమే. ఏసీ రూము ఆఖరున. అసలు దసరా దాకా దాన్ని స్టోర్ రూముగా వాడుకోండి, కరెంటు బిల్లన్నా కలిసొస్తుంది.

రెండో సంగతి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. గుమ్మం దగ్గర థర్మల్ గన్ పెడతారు. వర్కర్‌కి పొద్దున ఒళ్లు వెచ్చబడిందనుకోండి, సెలవు పెడితే ఆ రోజు జీతం పోతుంది. వాడు డోలో 650 వేసుకుని వచ్చేస్తాడు. గన్ 97 చూపిస్తుంది. మిషన్ తప్పు కాదు, వాడి తప్పూ కాదు. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పండి: జ్వరమో దగ్గో వస్తే ఇంట్లోనే ఉండు, పది రోజులైనా సరే జీతం కోయను, టెస్టుకి నేనే తీసుకెళ్తాను. నోటితో చెప్తే నమ్మరు, మొదటివాడికి ఇచ్చి చూపిస్తే నమ్ముతారు. ఖర్చే. ఐదుగురూ ఒకేసారి పడుకుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే చిన్నది. బరంపురం కుర్రాళ్లను ఇప్పుడే పిలవకండి. అలా పనికి వచ్చినవాళ్లు ఐదారుగురు కలిసి ఒకే గదిలో పడుకుంటారు, మీ హాల్లో ఎన్ని టేబుళ్లు తీసేసినా ఆ గదిలో చాపలు దూరం జరగవు. ముందు వాళ్లకు విడిగా చోటు చూసి అప్పుడు పిలవండి.

మూడోది. తెరిచేటప్పుడే మళ్లీ మూయాల్సి వస్తుందన్న లెక్కతో తెరవండి. కూరగాయలు రోజువారీ కొనండి. నూనె, బియ్యం హోల్‌సేల్లో తక్కువకొస్తోందని నెల సరుకు దించుకోవద్దు. కొత్త ఫర్నిచర్ వద్దు. ఈ ఏప్రిల్లో మా పక్క కర్రీ పాయింట్ వాళ్లు డీప్ ఫ్రీజర్ కొన్నారు, మే 5న కర్ఫ్యూ.

లోన్ల గురించి కూడా అడుగుతారేమో. నిరుడు కేంద్రం గ్యారంటీ మీద ఇచ్చింది పాత లోను ఉన్నవాళ్లకే, 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బాకీలో 20 శాతం. ఏనాడూ అప్పు చేయకుండా హోటల్ నడిపిన మాలాంటి వాళ్లకు అందులో పైసా రాలేదు. మీకు బ్యాంకు లోను ఉంటే వెళ్లి అడగండి.

---

కాకినాడ పీజీ | జులై 7

నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్న డాక్టర్ని, మే నెలంతా కోవిడ్ డ్యూటీలోనే గడిచింది. బెజవాడ అన్నగారు చెప్పిన వరస సరిగ్గా ఉంది. నాకు తెలిసిన కారణం కూడా కలుపుతాను.

2020 జనవరి 24న, చైనా కొత్త సంవత్సరానికి ముందు రోజు, గ్వాంగ్‌జౌలో ఒక హోటల్లో జరిగింది ఇది. కిటికీలు లేని ఏసీ హోటల్. వూహాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం మధ్య టేబుల్లో కూర్చుంది. వాళ్లకు అటు ఒక కుటుంబం, ఇటు ఒక కుటుంబం. ఈ మూడు కుటుంబాల్లో కలిపి పదిమందికి వచ్చింది. ఆ మూడు టేబుళ్లూ ఒకే ఏసీ గాలి తిరిగే దారిలో ఉన్నాయి. మిగతా టేబుళ్ల వాళ్లకు రాలేదు, సర్వర్లకూ రాలేదు. తర్వాత పరిశీలించిన వాళ్లు చెప్పింది ఏంటంటే, బయటి గాలి లోపలికి రావడం లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆపేసి ఉన్నాయి. ఆ గాలే గదిలో తిరిగి తిరిగి వచ్చింది. మీ ఏసీ రూము గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదనుకుంటాను. స్ప్లిట్ ఏసీ గదిని చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని తేదు.

సర్వర్లకు రాలేదు కదా, మరి వడ్డన గురించి అంత భయమెందుకు అని అడగొచ్చు. అక్కడ వాళ్లు కాసేపు వచ్చి వెళ్లేవాళ్లు. అన్నగారు చెప్పినట్టు మనవాడు పూటంతా అదే గాలిలో, అదీ వంగి వంగి తిరుగుతాడు. పైగా ఇప్పుడు తిరుగుతున్న డెల్టా రకం 2020 నాటిది కాదు, చాలా తేలిగ్గా అంటుకుంటోంది.

శానిటైజర్ మీద, బల్లలు తుడవడం మీద పెట్టే డబ్బులో సగం ఫ్యాన్ల మీద పెట్టండి. చేతులు కడుక్కోవడం మంచిదే, మానొద్దు. ఒక ఉపరితలాన్ని ముట్టుకోవడం వల్ల సోకే అవకాశం పదివేలల్లో ఒకటి కంటే తక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఈ ఏప్రిల్లో రాసింది. ఊపిరితో వచ్చే ప్రమాదం ముందు అది చాలా చిన్నది. మెనూ కార్డు ప్లాస్టిక్‌దా, కాగితానిదా అని తల బద్దలు కొట్టుకోకండి.

హాలు ఎలా ఉందో చూడడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. తలుపులు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, ఒక్కో టేబుల్ దగ్గర రెండు అగరొత్తులు వెలిగించి చూడండి. పొగ ఎటు పోతోంది, ఎక్కడ సుడి తిరిగి ఆగుతోంది. ఆగిన చోట టేబుల్ వేయకండి. ఫ్యాన్ ఒకరి మొహం మీంచి ఇంకొకరి మీదకు కొట్టకుండా, లోపలి గాలిని బయటికి నెట్టేలా తిప్పి పెట్టండి. పెనం దగ్గర ఎగ్జాస్ట్ ఎలాగూ ఉంటుంది. అది బాగా లాగితే ముందు గుమ్మంలోంచి కొత్త గాలి దానంతటదే వస్తుంది. వంట మాస్టర్‌కి మాత్రం ఆ వేడిలో మాస్కు అరగంటలో తడిసి ముద్దవుతుంది, రోజుకి మూడు నాలుగు మార్చుకోనివ్వండి.

గోదావరి జిల్లాలకే ఏడు గంటలేంటి అని చాలామంది అడుగుతున్నారు. టెస్టుల్లో పాజిటివ్‌లు 5 శాతం కంటే కిందికి దిగితే మనకీ పెంచుతామంటున్నారు. ఆ ఐదు శాతం ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) నిరుడు మేలో చెప్పిన కొలత, అదీ కనీసం రెండు వారాల పాటు వరసగా ఉండాలని. మీరు కూడా దాన్నే చూసుకోండి. జిల్లా పాజిటివిటీ రోజూ పేపర్లో వస్తుంది. తగ్గుతుంటే తర్వాతి దశకి వెళ్లండి, పెరగడం మొదలైతే ప్రభుత్వం చెప్పేదాకా ఆగకుండా ఒక మెట్టు వెనక్కి దిగండి.

---

కర్రీ పాయింట్, కేపీహెచ్‌బీ | జులై 7

మా తెలంగాణలో మెట్లూ లేవు దశలూ లేవు. మే 12న లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పది దాకా వదిలారు, తర్వాత ఒంటిగంట, ఆ తర్వాత ఐదు, జూన్ 20న మొత్తం ఎత్తేశారు. 19 సాయంత్రం టీవీలో చూసి మా వీధి హోటళ్లన్నీ రాత్రికి రాత్రే పిండి రుబ్బేశాయి. తెల్లారితే జనం లేరు. ఆర్డరు వచ్చినంత మాత్రాన గిరాకీ రాదని అప్పుడర్థమైంది. హాస్టళ్లు ఖాళీ, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఊళ్లలో కూర్చుని పని చేస్తున్నారు. ఉన్నవాళ్లు కూడా ఇంట్లో ఒకరు పోయి, ఒకరు ఆస్పత్రి నుంచి వచ్చి ఉన్నారు. కూర్చుని తినడానికి మనసొప్పదు.

కర్రీ పాయింట్ కాబట్టి నాకు టేబుళ్ల గొడవ లేదు. కవర్లో పప్పు, కవర్లో ఇగురు, ముడి వేసి ఇచ్చేయడమే. లైను మాత్రం గల్లా దగ్గర గుంపుగా తయారయ్యేది. వాట్సాప్‌లో పొద్దున పదికల్లా కూరల పేర్లు పెడుతున్నాను, ఆర్డర్ ముందే చెప్తే మూట కట్టి పేరు రాసి బయట బల్ల మీద ఉంచుతున్నాం, డబ్బు స్కానర్ మీద. గుంపు సగం తగ్గింది. ఎన్ని వండాలో ముందే తెలుస్తోంది, అందువల్ల మిగిలిపోయి పారబోసేది కూడా తగ్గింది. రోగం పోయినా ఇది మాత్రం మానను.

టీకాల సంగతి: మే చివర్లో మా దగ్గర కిరాణా, కూరగాయల వాళ్లు, సెలూన్ల వాళ్లు ఇలా జనంతో తిరిగేవాళ్లకు విడిగా వేశారు. మీ సచివాలయంలో అడిగి చూడండి, మెస్ సర్వర్లమని చెప్తే ముందు పిలుస్తారేమో. వర్కర్ టీకాకి వెళ్లే రోజు, తర్వాతి రోజు జీతంతో సెలవు ఇవ్వండి. జ్వరమొస్తుందని భయపడి వెళ్లనివాళ్లే ఎక్కువ.

---

తెనాలి బట్టల కొట్టు | జులై 7

అగరొత్తుల ఐడియా బాగుంది డాక్టరు గారూ, మా కొట్లో కూడా చూస్తా. బెజవాడ అన్న చెప్పిన జీతం మాటతో నాకు పేచీ ఉంది. పది రోజులు ఊరికే జీతమంటే జలుబొచ్చినవాడు కూడా ఇంట్లో కూర్చుంటాడు. మాలాంటి చిన్నవాళ్లం ఎక్కడి నుంచి తేవాలి?

---

బెజవాడ భోజనం | జులై 7

తమ్ముడూ, కూర్చుంటాడు, కాదనను. నా దగ్గరా ఒకడు అలాగే రెండుసార్లు కూర్చున్నాడు. అందుకే టెస్టుకి నేనే తీసుకెళ్తానన్నాను. నెగెటివ్ వచ్చి ఒళ్లు చల్లబడితే పనిలోకి రావాల్సిందే. డబ్బు ఎక్కడి నుంచి అన్నావు, మేం ఏం చేశామో చెప్తాను. రోజూ గల్లా లెక్కలో వందకి రెండు రూపాయలు పక్కన డబ్బాలో వేస్తాం, అది జ్వరాల డబ్బు. నెలాఖరుకి ఎవరికీ రాకపోతే అలాగే ఉంచేస్తాం. ఏప్రిల్లో ఇద్దరికి వచ్చినప్పుడు ఆ డబ్బాతోనే గట్టెక్కాం, చివర్లో కొంచెం జేబులోంచి పడింది. బట్టల కొట్టులో లాభం ఎక్కువ, నువ్వు వందకి ఒకటే వెయ్యి చాలు.

---

గోదారి మెస్ | జులై 8

అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న సాయంత్రం మా ఆవిడ, నేను, మాస్టర్ కలిసి అగరొత్తులు పట్టుకుని హాలంతా తిరిగాం. మా నాన్నగారు ఏదో పూజ అనుకున్నారు. మూడు టేబుళ్ల దగ్గర పొగ చక్కగా గుమ్మం వైపు పోయింది. గోడ పక్కన రెండింటి దగ్గర అలాగే నిలబడిపోయింది. ఇంకోటి ఎటూ తేలలేదు. ఏసీ రూములో అయితే చెప్పక్కర్లేదు, పది నిమిషాలయ్యాక కూడా కళ్లు మండాయి. దానికి తాళం వేసి బియ్యం బస్తాలు సర్దేశాం.

ఇవాళ్టి నుంచి పొద్దున ఆరింటికే తెరుస్తున్నాం, గుమ్మం ముందు రెండు బల్లలు, మిగతాదంతా పార్సిలు. భోజనం పార్సిలే. రెండు వారాలు చూసి, జిల్లా పాజిటివిటీ తగ్గుతుంటే ఆ మూడు టేబుళ్లు వేస్తాం, కంచం పద్ధతిలో. రాత్రి టిఫిను ప్రస్తుతానికి మర్చిపోయాం. దాని బదులు మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా పునుగులు, మిర్చి బజ్జీ వేద్దామని మాస్టర్ అంటున్నాడు, వాన పడితే ఆడుతుంది. ఓనరు గారితో కూడా మాట్లాడాను. ఏసీ రూము వాడనన్నాళ్లు అద్దెలో కొంత ఆపి, దసరా తర్వాత కలిపి ఇస్తానన్నాను. ఆలోచిస్తానన్నారు.

జీతం మాట వర్కర్లకు చెప్పాను. ముగ్గురూ తలాడించారు, నమ్మినట్టు మాత్రం లేరు.

ఒక్కటే తేలలేదండి. నాన్నగారు గల్లా వదలనంటున్నారు. రెండు డోసులయ్యాయి, నాకేం కాదంటారు. షుగర్ ఉంది ఆయనకు.

---

కాకినాడ పీజీ | జులై 8

రెండు డోసులు అయ్యాక ప్రమాదం బాగా తగ్గుతుంది, సున్నా అవదు. వయసు, షుగర్ రెండూ ఉన్నాయి కాబట్టి పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, రద్దీ ఎక్కువ ఉండే టైములో, ఆయన అక్కడ లేకపోవడం మంచిది. గల్లా కచ్చితంగా కావాలంటే గుమ్మం బయటికి జరపండి, లోపల మూలన వద్దు. షుగర్ ఒకసారి చెక్ చేయించండి, కంట్రోల్లో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

---

బెజవాడ భోజనం | జులై 8

మా నాన్న కూడా ఇంతే. బతిమాలితే వినలేదు. వాట్సాప్ ఆర్డర్లు రాసుకోవడం ఆయనకప్పజెప్పాం, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఎవరికెన్ని మూటలో నోట్‌బుక్‌లో రాసి పంపుతారు. కేపీహెచ్‌బీ ఆయన పద్ధతి మీకెలాగూ కావాలి, ఆ పని నాన్నగారికి ఇచ్చేయండి. రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి గల్లా ఎంతయిందని అడుగుతారు, దానికి మాత్రం సిద్ధంగా ఉండండి.